తాళము వేయని వానికి దండన లేదా?

2017వ సంవత్సరము మే నెల 12వ తేదిని ప్రపంచమంతటను ఒక్క పెట్టున వ్యాపించిన ‘వనాక్రై’ యను విషక్రిమి మన శ్రీకాకుళము వఱకును వచ్చెను. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాల పోలీసు కార్యాలయములలో కొన్ని కంప్యూటర్లు దాని వాత బడెనని నాటి వార్తాపత్రికలు ప్రకటించెను. తెఱపైన నొక యెఱ్ఱని ప్రకటన. 300 డాలర్లు బిట్‌కాయిను రూపమున చెల్లించినగాని లోపలి పత్రములు తెఱవబడవను బెదిరింపు. దొంగను పట్టవలసినవాని యింటనే దొంగ పడి, పెట్టెకు తన తాళము వేసికొని, తాళపుచెవికి వెల యడిగినట్లయ్యెను. కొన్ని దినములు జనులు నవ్వుకొనిరి, పిమ్మట మఱచిరి.

ఈ విషయమున మఱవదగని సంగతులు మూడు కలవు. ఆ క్రిమిని బంపినవారు ఉత్తర కొరియావారని అమెరికా, బ్రిటను ప్రభుత్వములు ఆ యేటి డిసెంబరులో ప్రకటించెను. అది ప్రాకుటకు దోడ్పడిన యుపాయము అమెరికా వేగుసంస్థ తన పనికై సిద్ధము చేసికొనగా దొంగిలింపబడి బయటబడినది. ఇక మూడవది: ఆ కన్నమును పూడ్చు మందును మైక్రోసాఫ్టు సంస్థ మార్చి 14వ తేదిననే, అనగా రెండు నెలల ముందే, యిచ్చియుండెను. ఇచ్చిన మందు వాడుకొన్న కంప్యూటరునకు ఆ తెగులు సోకలేదు. కావున దోషి యొక్కడు కాడు. మొదటివాడు సముద్రముల కావల నున్నాడు. రెండవవాడు మహారాజ్యము. మూడవవాడు మాత్రము మన యూరివాడే. తలుపు గడియ వేయక నిద్రించినవాడు. ఆ మూడవవాని నడిగినవారెవ్వరు?

ప్రభుత్వపు కంప్యూటరులో ననుమతి లేక చొచ్చినవానికి దండన యెంత యుండవలెనను ప్రశ్న పుట్టినప్పుడెల్ల మన చదువుకొన్నవారి యిండ్లలో రెండు మాటలు వినబడుచుండును. ఒకటి: “వాడు రాజద్రోహి, యావజ్జీవము చెఱలో నుంచవలసినదే.” రెండవది: “ఆహా, యెంత తెలివిగల కుఱ్ఱవాడు! వానికి శిక్ష యేమి? పిలిచి యుద్యోగమీయవలెను గాని.” మొదటిమాట భయమునుండి పుట్టినది. రెండవమాట ధర్మాధర్మములు విచారింపక తెలివికి మ్రొక్కు మన పాత యలవాటునుండి పుట్టినది. మొదటివారు చొచ్చినవాని యుద్దేశమును జూడరు. రెండవవారు వానివలన నష్టపడినవారిని జూడరు. జనుల సమాచారమును తన చేతిలో నుంచుకొని కాపాడక విడిచిన యధికారిని ఈ యిరు తెగలవారును జూడరు. దండన న్యాయమైనది కావలెనన్నచో చొచ్చినవాని యుద్దేశమును, జనులకు గలిగిన నష్టమును, కాపరి యజాగ్రత్తను ఒక్క త్రాసున దూచవలెననియే మా వాదము.

మొదట, ఆ పెట్టెలలో నేమున్నదో చూతము. పూర్వము గ్రామపు లెక్కలు కరణముగారి యింట గుడ్డమూటలో నుండెడివి. ఒక యంకె దిద్దినయెడల ఒక రైతు కొంప మునిగెడిది. ఐనను ఆ మూటను దిద్దుటకు ఆ యింటికే పోవలెను, ఆ కరణమునే పట్టుకొనవలెను. 1984లో కరణీకములు రద్దయ్యెను. క్రమముగా అడంగలును, 1బి యును ‘వెబ్‌ల్యాండ్’ అను కనబడని పుస్తకములోనికి బోయెను. 2011లో మీసేవ వచ్చెను. 2019 అక్టోబరు 2వ తేదిని గ్రామ, వార్డు సచివాలయములు వెలసెను. 2025 జనవరిలో వాట్సాపు మూలమున సేవలారంభమయ్యెను. ఇందువలన మేలు లేదని మేమనము. ఒక్క ధ్రువపత్రమునకై నాలుగు దినముల కూలి మానుకొని కచేరి చుట్టు దిరిగినవాని కష్టము మే మెఱుగనిది కాదు. కాని యిప్పుడు ఉద్దానమున డయాలిసిస్‌పై బ్రదుకుచున్న రోగి పింఛను, చీపురుపల్లి చెఱువుగట్టున మన్ను మోసిన స్త్రీ యుపాధిహామీ కూలి, హైదరాబాదునకో చెన్నపట్టణమునకో వలసపోయిన సోంపేట కూలివాని యింటిస్థలము, వాని వ్రేలిముద్ర, వాని బ్యాంకు ఖాతా, అన్నియు ఆ పెట్టెలలోనే యున్నవి. ఆ పెట్టెకు గలుగు చేటు ప్రభుత్వమునకు గలుగు చేటని పత్రికలు వ్రాయును. అది పొరపాటు. ప్రభుత్వమునకు జీతములు నిలువవు, కాపురములు చెడవు. చేటు ఈ జనులకు.

కావుననే మేము మెత్తనివారము కాము. 2022 నవంబరు 23వ తేదిని ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ కంప్యూటర్లను ఎవరో స్తంభింపజేయగా, దాదాపు రెండు వారములు రోగుల నమోదంతయు కాగితముపై జరుగవలసివచ్చెను. 2019లో రెండు తెలుగు రాష్ట్రముల విద్యుత్తు పంపిణీ సంస్థలపైనను ఇట్టి దోపిడియే జరిగెను. 2024లో తెలంగాణ పోలీసువారి ‘హాక్‌ఐ’ యను సాధనమునుండి జనుల వివరములు తీసి 150 డాలర్లకు బేరమునకు బెట్టెనను అభియోగముపై ఇరువదియేండ్ల విద్యార్థి నొకని బట్టుకొనిరి. ఆపదలో పోలీసుల సాయము గోరిన స్త్రీలు కూడ వాడు సాధనమది. అట్టివారి ఫోను నంబర్లకు ధర కట్టుట రుజువైనచో, ఆ కుఱ్ఱవాని ప్రాయమును, ప్రజ్ఞయు వానిని రక్షింపరాదు. చాకు పట్టిన చేయి చిన్నదైనంత మాత్రమున గాయము చిన్నది కాదు.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో చూడుడు. 2000వ సంవత్సరపు సమాచారసాంకేతిక చట్టము 2008లో సవరింపబడినది. దాని 43వ సెక్షనులో అనుమతి లేక కంప్యూటరులో బ్రవేశించుట, సమాచారము నకలు దీయుట, విషక్రిమిని విడుచుట, పాడుచేయుట, హక్కుగలవానిని లోనికి రానీయకుండుట, ఇవన్నియు వరుసగా నొక్క గాట గట్టబడినవి. ఇందేదైనను మోసబుద్ధితో జేసినచో 66వ సెక్షను క్రింద మూడేండ్ల వఱకు చెఱ, లేదా 5 లక్షల రూపాయల వఱకు జరిమానా, లేదా రెండును. 70వ సెక్షను క్రింద కీలకమైన సమాచారవ్యవస్థలకు సంబంధించిన కంప్యూటరును ప్రభుత్వము ‘రక్షితవ్యవస్థ’ యని ప్రకటింపవచ్చును. దానిలో ననుమతి లేక ప్రవేశించినను, ప్రవేశింప యత్నించినను పదేండ్ల వఱకు చెఱ. ఇచ్చట మోసబుద్ధి యుండవలెనను మాట లేదు. 66ఎఫ్ సెక్షను క్రింద ‘సైబరు ఉగ్రవాదము’నకు యావజ్జీవము. దేశసమగ్రతను జెఱుప దలచి ఆస్పత్రులను, విద్యుత్తును స్తంభింపజేసి ప్రాణములు తీయువానికి యావజ్జీవమన్నచో మేము నోరెత్తము. కాని యదే సెక్షను రెండవభాగమున, నియమితమైన సమాచారమును అనుమతి లేక తెలిసికొని, అది మర్యాదకో, నీతికో, పరువునకో భంగము కలిగింప వినియోగపడవచ్చునని నమ్ముటకు కారణమున్నవాడు కూడ ఉగ్రవాదియే యని వ్రాయబడినది. పరువునష్టమును ప్రాణనష్టమును ఒక్క పంక్తిని గూర్చుండబెట్టి యావజ్జీవము వడ్డించు చట్టమును చూచి నవ్వవలెనో యేడ్వవలెనో చదువరులే నిర్ణయింపగలరు.

చొచ్చువారందఱు నొక్క తెగవారు కారు. దోచుటకై చొచ్చువాడొకడు. తాళపుచెవి చేతిలో నుండగా దానిని అమ్ముకొను ఇంటివాడొకడు. ఏమున్నదో చూతమను కుతూహలముతో తొంగిచూచు పిల్లవాడొకడు. తలుపు తెఱచియున్నదని కేక వేయువాడొకడు. ఈ నలువురకును ఒకే బేడి తొడుగు రాజ్యము బలమైనదని యెవరైన ననుకొనవచ్చును. న్యాయమైనదని యెవ్వరు నన్జాలరు.

దోచువానిని గూర్చి యిదివఱకే చెప్పితిమి. వానికి మూడేండ్ల శిక్ష చాలదనుట కొందఱి వాదము. శిక్షను పెంచినంతనే వాడు వెఱచునా? ఇటలీదేశపు బెక్కారియా 1764లోనే చెప్పినది నేటికిని చెల్లుచున్నది: నేరమును ఆపునది దండన క్రూరత్వము కాదు, అది తప్పదను నిశ్చయము. పట్టుబడనని ధైర్యముగలవానికి మూడేండ్లును ముప్పదియేండ్లును ఒక్కటియే. పోలీసుస్టేషనుకు వచ్చి “నా ఖాతాలోని కూలిడబ్బు పోయినది” అని మొఱపెట్టుకొను కూలివాని ఫిర్యాదు వ్రాసికొని, దానిని పరిశోధింపగల నిపుణుని ప్రతి జిల్లాకును ఇచ్చుట కష్టము. సెక్షనులో అంకె మార్చుట సులభము. సులభమైనది చేసి కష్టమైనది చేసితిమని చెప్పుకొనుట శాసనసభల కలవాటైనది.

ఇంటిదొంగ సంగతి యంతకన్న ఘోరము. వాడు గోడకు కన్నము వేయడు. తహసీల్దారు డిజిటలు సంతకపు చెవిని, పై యధికారి పాస్‌వర్డును నమ్మి చేతికిచ్చినప్పుడు, రాత్రికి రాత్రి అడంగలులో పేరు మార్చును. మఱునాడు రైతు తన పొలములో తానే పరాయివాడగును. మనుస్మృతిలో వర్ణభేదమునుబట్టి దండన మార్చిన భాగములు పెక్కులున్నవి. వానిని మేము త్రోసివేయుదుము. కాని యెనిమిదవ యధ్యాయమున గ్రహింపదగిన న్యాయమొకటి కలదు. సామాన్యుని కొక కార్షాపణము దండనయగుచోట రాజునకు వేయి దండన యని అందు చెప్పబడినది. దొంగతనపు దోష మెఱిగియు చేసినవారిలో శూద్రునకు ఎనిమిది రెట్లైన, బ్రాహ్మణునకు అఱువదినాలుగు రెట్లనియు నందే యున్నది. వర్ణముల పేళ్లు తీసివైచి సారము గ్రహించినచో, తెలివియు నధికారమును హెచ్చినకొలది దోషము హెచ్చునని యర్థము. నేటి మన చట్టమునం దీ న్యాయము తలక్రిందైనది. బయటివాడు రక్షితవ్యవస్థను ముట్టినచో పదేండ్లు. లోపలివాడు దానిని చెఱచినచో తఱచుగా బదిలీ, లేదా కొన్ని నెలల సస్పెన్షను.

కుతూహలముగల పిల్లవాని విషయమున మేము ఉపాధ్యాయులముగా గూడ మాటాడవలసియున్నది. పదునాఱేండ్ల బాలుడు పరీక్షాఫలితముల వెబ్‌సైటును జూచుచు, చిరునామాలోని యంకెను మార్చిన మఱియొకని మార్కులు కనబడునని కనిపెట్టును. వానికి దొంగబుద్ధి లేదు. గడియారము విప్పి చూచు బుద్ధి కలదు. ఆ బుద్ధినే కదా మన బడులలో పెంపొందింపవలెనని మనము మొఱపెట్టుచున్నాము! అట్లని వానిని పొగడుమని మేమనము. ఒరుల ఉత్తరము మూత లేకున్నను చదువరాదని వానికి నేర్పవలెను. 1988 నవంబరులో అమెరికాదేశమున రాబర్ట్ మారిస్ అను విద్యార్థి విడిచిన క్రిమి వేలకొలది కంప్యూటర్లను కుంటుపఱచెను. న్యాయస్థానము వానిని దోషిగా నిర్ణయించియు చెఱకు బంపలేదు; మూడేండ్ల పర్యవేక్షణము, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా విధించెను. పిదప నతడు ఘనమైన విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఆ న్యాయాధిపతి నేరమును మన్నింపలేదు, మనిషిని పాడుచేయలేదు. మనదేశమునను 2024 జులై 1వ తేదినుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో సమాజసేవ యను దండన చేరినది. 5,000 రూపాయలకు లోబడిన సొత్తును తొలిసారి దొంగిలించినవాడు దానిని తిరిగి యిచ్చినచో సమాజసేవతో బయటబడవచ్చును. నిజముగా దొంగిలించినవానికి చూపిన యీ దయ, ఏమియు దొంగిలింపక తొంగిచూచిన బాలునికి సమాచారచట్టమున లేకపోవుట యేమి న్యాయము?

ఇక తలుపు తెఱచియున్నదని కేక వేసినవాని గతి చూడుడు. ఇది మన తెలుగునేలపై జరిగిన కథయే. 2017 మే నెలలో బెంగుళూరునందలి ‘సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ’ వారి పక్షమున అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి యనువారు ఒక నివేదిక ప్రకటించిరి. నాలుగు ప్రభుత్వపు వెబ్‌సైట్లలో కలిసి సుమారు 13 కోట్ల ఆధారు సంఖ్యలు ఎల్లవారికి గనబడుచున్నవని అందు చెప్పిరి. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారివి: ఒకటి చంద్రన్న బీమా, రెండవది ఉపాధిహామీ కూలి దినదిన చెల్లింపుల పట్టిక. తక్కిన రెండింటిలో నొకటి వృద్ధులకు, వితంతువులకు, వికలాంగులకు పింఛనిచ్చు కేంద్రపథకముది. అందు చిరునామాలో నొక్క పదమును మార్చినంతనే లోపలి పుట తెఱచుకొనుచుండెను. దీనిపై ఆధారు ప్రాధికారసంస్థవారు ఏమి చేసిరి? ఆ పట్టికలను బజారులో బెట్టిన శాఖలను ముందుగా నిలదీయవలసియుండగా, దొంగచొరబాటు లేక యట్టి సమాచారము లభింపదని చెప్పి, నివేదిక వ్రాసినవారినే సంజాయిషీ యడిగిరి.

మఱుసటియేడు ఏప్రిలులో అదే శ్రీనివాస్ కొడాలి ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణసంస్థ వెబ్‌సైటులో సుమారు 1,34,000 మంది లబ్ధిదారుల ఆధారు వివరములు బహిరంగముగా నున్నవని చూపెను. కులము చేతను మతము చేతను జనులను వెదకి యేఱుకొను వీలు కూడ నందుండెను. ఏ యూరిలో నే మతమువా రెక్కడనున్నారో నిప్పుపెట్టదలచినవానికి ప్రభుత్వమే పటము గీచి యిచ్చినట్లు కాదా? ఆ కేకవలన ఆ పుటలు మూయబడెను. మూసినందుకు గృహములు పొందిన బీదవారు కృతజ్ఞులు కావలసినది ఎవనికి, అధికారికా, కేకవేసినవానికా?

అంతకు ముందు, 2010లో, హైదరాబాదు వాస్తవ్యుడైన వేమూరు హరిప్రసాదు ఎన్నికల వోటింగు యంత్రములలోని లోపములను ఇరువురు విదేశీ నిపుణులతో కలిసి నిరూపించెను. ఆగస్టు 21వ తేదిని ముంబయి పోలీసులు వచ్చి వానిని యింటనుండి పట్టుకొనిపోయిరి. యంత్రమును దొంగిలించిరనుట అభియోగము. యంత్ర మెవరిచ్చిరో చెప్పుమని నిర్బంధము. వారము దినములకు వానికి జామీను దొరకెను. ఆ యేడే అమెరికాలోని ఒక ప్రసిద్ధ సంస్థ వానికి బహుమాన మిచ్చి గౌరవించెను. 2013లో సుప్రీంకోర్టు, వోటరు తన వోటును చూచుకొనుటకు వీలగు కాగితపుచీటి యంత్రములకు తగిలింపవలెనని యాదేశించెను. యంత్రమునకు సాక్ష్యము కావలెనని న్యాయస్థానమే యొప్పుకొన్న పిదప, ఆ సాక్ష్యపు టావశ్యకమును మొదట చూపినవాని చేతికి వేసిన బేడీల కేమి సమాధానము?

2018 జనవరిలో ‘ట్రిబ్యూన్’ పత్రిక విలేఖరి రచనా ఖైరా 500 రూపాయలిచ్చి ఆధారు వివరముల ద్వార మెట్లు తెఱచుకొనవచ్చునో వ్రాయగా, ఆధారుసంస్థవారి ఫిర్యాదుపై నమోదైన కేసులో ఆమె పేరును చేర్చిరి. పిమ్మట, 2019 సవరణచే, ఆధారు కేంద్రభాండారమున ననుమతి లేక ప్రవేశించుటకు మూడేండ్లుగా నున్న చెఱ పదేండ్లయ్యెను. కేకలు వేయువారు హెచ్చగా బేడీల బరువు హెచ్చించిరి. గోడను బాగుచేయని వాని జీతములో నొక్క రూపాయి తగ్గించు సవరణ మాత్రము రాలేదు. అంతటితో నాగక, సమాచారచట్టపు 84వ సెక్షను ప్రభుత్వమును, దాని యధికారులను సద్బుద్ధితో జేసిన పనులకు వ్యాజ్యములనుండి కాపాడుచున్నది. అధికారికి సద్బుద్ధి కవచము. పౌరుని సద్బుద్ధికి కవచమెక్కడ? సద్బుద్ధి యనునది ఉద్యోగముతో పాటు వచ్చి, ఉద్యోగముతో పాటు పోవు పదార్థమా?

దీనికి మాకెదురుగా రెండు మూడు మాటలు చెప్పుదురని యెఱుగుదుము. “ప్రతి దొంగయు, తాళము పరీక్షింప వచ్చితినని చెప్పును, ఎట్లు నమ్ముట?” అందురు. నమ్మవద్దు; వాని నడవడిని చూడుడు. లోపమును కనిపెట్టినవెంటనే సంబంధించినవారికి దెలిపెనా? నిరూపించుటకు చాలినంత చూచి యూరకొనెనా, లక్షల పేళ్లు మూటగట్టెనా? దేనినైన మార్చెనా? ఎవనికైన నమ్మెనా? సరిచేసికొనుటకు వ్యవధి యిచ్చెనా? అర్ధరాత్రి పొరుగువాని పెరటిలో దొరకినవాడు మంట నార్ప వచ్చెనో, కోడిని బట్ట వచ్చెనో మన మెజిస్ట్రేట్లు నిత్యమును నిర్ణయించుచునే యున్నారు. చేతిలో నీళ్లబిందె యున్నదో, గోనెసంచి యున్నదో చూచిన చాలును. 2022 మే నెలలో అమెరికా న్యాయశాఖ, సద్బుద్ధితో లోపములు వెదకువారిపై అభియోగములు మోపరాదని తన న్యాయవాదుల కుత్తరువిచ్చెను. 2023లో బెల్జియము అట్టివారికి చట్టరక్షణమే కల్పించెను. 2016లో అమెరికా రక్షణశాఖ తన వెబ్‌సైట్లను చొరబడి చూపుడని తానే పిలువగా, సుమారు 1,400 మంది పేర్లిచ్చి 138 నిజమైన లోపములను బయటబెట్టిరి. ఆ శాఖ పరువు పోలేదు, కన్నములు పోయెను. మనదేశమునను సెర్ట్-ఇన్ అను కేంద్రసంస్థ లోపముల నివేదికలను స్వీకరించుచున్నది. నివేదించుటకు ద్వారము కలదు, నివేదించినవానికి చట్టమున రక్షణ లేదు. ఇట్టి ద్వారమున నే వివేకి యడుగు పెట్టును?

“కార్యాలయములలోని చిన్న యుద్యోగులు శిక్షణ లేనివారు, వారిని దండింతురా?” అని మఱికొందఱడుగుదురు. మేము వారిని దండింపుమనలేదు. సచివాలయమున చాలీచాలని జీతమునకు అంకెలెక్కించు కుఱ్ఱవానిని బలియిచ్చి పైవారు చేతులు కడుగుకొనుట మఱియొక యన్యాయము. వ్యవస్థను గట్టించినవాడు, పరీక్షింపక సంతకము చేసినవాడు, లోపము దెలిపిన యుత్తరమును బల్లక్రింద బడవైచినవాడు, వీరు జవాబుదారులు. పాస్‌వర్డును కాగితముపై వ్రాసి గోడకంటించిన కార్యాలయములను మేమును జూచితిమి. ఆ కాగితమును చింపుమని చెప్పవలసినవాడు గుమాస్తా కాడు.

కౌటిల్యుడు దండమును గూర్చి చెప్పినది మన పాఠకులలో పలువురెఱుగుదురు: తీక్ష్ణదండుని జనులు ద్వేషింతురు, మృదుదండుని తిరస్కరింతురు, తగినరీతి దండించువానిని పూజింతురు. కాని యతడే చెప్పిన మఱియొక న్యాయమును మనము మఱచితిమి. దొంగలెత్తుకొనిపోయిన సొత్తును రాజు తిరిగి తెచ్చి యీయవలెను. తేలేనియెడల తన బొక్కసమునుండి యీయవలెను. యాజ్ఞవల్క్యుడును, మనువును దొంగసొత్తును ప్రజలకు తిరిగి యిచ్చుట రాజధర్మమనిరి. కాపాడెదనని పన్ను తీసికొన్నవాడు కాపాడలేనప్పుడు చెల్లింపవలెనను నీ సామాన్యన్యాయము నేటి చట్టములో నేమైనది? 2023వ సంవత్సరపు వ్యక్తిగతసమాచార రక్షణచట్టమున, జాగ్రత్త లేనివానికి 250 కోట్ల రూపాయల వఱకు జరిమానా కలదు. వినుటకు ఘనముగా నున్నది. కాని యా ధనము భారత సంచితనిధికి బోవును; నష్టపడిన మనిషికి గాదు. పైగా తనకిష్టమైన ప్రభుత్వసంస్థలను ఆ చట్టమునుండి మినహాయించు నధికారము కేంద్రప్రభుత్వము చేతనే యున్నది. పాత చట్టము క్రింద 5 కోట్ల లోపు నష్టపరిహారమును నిర్ణయించు అధికారి యెవరు? రాష్ట్రప్రభుత్వపు ఐటీ కార్యదర్శి. సోంపేటనుండి ఒక వితంతువు, తన పింఛను వివరములను ప్రభుత్వమే బజారున బెట్టెనని ఫిర్యాదు చేయదలచినచో, వెలగపూడికి బోయి ప్రభుత్వపు కార్యదర్శియెదుటనే ప్రభుత్వముపై వాదింపవలెను! కంచెమీద ఫిర్యాదును కంచెకే చెప్పుకొమ్మన్నట్లున్నది.

కావున మేము గోరునది యిది. రక్షితవ్యవస్థలలో బ్రవేశించిన నేరమునకు సైతము దుర్బుద్ధి రుజువు కావలెను. ఉగ్రవాదపు సెక్షనునుండి పరువు, మర్యాద యను మాటలను తీసివేయవలెను. ఏమియు దొంగిలింపక, మార్పక, అమ్మక తొంగిచూచిన బాలునికి తొలిసారి మందలింపును, సమాజసేవయు చాలును. ఆ సేవ తన యూరి బడిలోని కంప్యూటర్లను బాగుచేయుటయే కావచ్చును. లోపమును కనిపెట్టి సెర్ట్-ఇన్‌నకు దెలిపి, సరిచేయుటకు 90 దినములు వేచియుండినవానిపై కేసు పెట్టరాదని చట్టమున స్పష్టముగా వ్రాయవలెను. దోచువానికిని, సమాచారము నమ్మువానికిని, ప్రజల ప్రాణావసరములను స్తంభింపజేయువానికిని కఠినదండన యుండవలెను. దానికి ముందు నష్టపరిహారముండవలెను. నమ్మి యిచ్చిన తాళపుచెవిని అమ్ముకొన్న యుద్యోగికి బయటిదొంగకన్న హెచ్చు దండన విధింపవలెను. ఇక ప్రభుత్వపు పెట్టెనుండి ఎవని వివరములు పోయినను, పోయినవని వానికి తెలుగులో నుత్తరము వ్రాయవలెను; వాని నష్టమును బొక్కసమునుండి తీర్చి, ఆ సొమ్మును జవాబుదారియైన పై యధికారినుండి రాబట్టుకొనవలెను. ఈ చివరి నియమ మొక్కటి యమలునకు వచ్చెనా, తాళములు వాటంతటవియే పడును.

గృహస్థులైన పాఠకులకు నొక మనవి. మీ వ్రేలిముద్ర నడిగినవానిని, అది యెందుకని, ఎక్కడ దాతురని, ఎవరు జవాబుదారియని అడుగుడు. అడిగినవాడు తగవులమారి యని నవ్వుదురేమో, నవ్వనిండు. మీ యింటిలోనో, మీ వీథిలోనో కంప్యూటరును విప్పి చూచు బాలుడు కలడు. వానికి పరుల గదిలో తొంగిచూడరాదను మర్యాదయు, తలుపు తెఱచియున్నచో ఇంటివానికి చెప్పవలెనను ధర్మమును నేర్పుడు. పెట్టెలోని సొత్తు మన పెద్దల పింఛను, మన కూలీల కూలి, మన రైతుల అడంగలు. దాని కాపరి జీతము మనమిచ్చునది. ఇక మీద చొరబాటు వార్త చదివినప్పుడు దొంగ యెవరని యడిగి యూరకొనకుడు. ఆ రాత్రి తాళము వేయవలసినవా డెవడనియు నడుగుడు.